దెయ్యాల విందులో నల్ల సంచి

ఆ రోజుల్లో, అంటే మరీ రాజుల కాలం ఏమీ కాదు, నా ఇకామా కార్డు, అంటే సౌదీలో ఉండడానికి ఇచ్చే గుర్తింపు కార్డు, దాని మీద ఫోటో ఇంకా నా మొహంలాగే ఉన్న రోజుల్లో, నేను అభాలో ఒక ఆసుపత్రికి కొత్తగా వచ్చిన నర్సుని. సౌదీ అనగానే ఇసుక, ఒంటెలు, చెమట తప్ప ఇంకేమీ ఊహించుకోలేని మా పాలకొల్లు వైపు బంధువులకి అభా గురించి ఎంత చెప్పినా నమ్మేవారు కాదు. అది కొండల మీద ఊరు. అక్టోబరు వచ్చిందంటే సాయంత్రం కిటికీ తీస్తే మబ్బు లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంటుంది. నేను స్వెట్టరు వేసుకుని వీడియో కాల్ చేస్తే మా పిన్ని, "అంత చలిగా ఉంటే ఆ ఏసీ తగ్గించుకోవచ్చు కదే" అనేది. (ఇప్పటికీ అంటుంది. నేను ఇప్పటికీ మర్చిపోలేదు.) నాకు జ్ఞాపకశక్తి కొంచెం ఎక్కువ. ఎవరైనా నన్నొక మాట అంటే ఆ మాట, అన్న చోటు, అప్పుడు వాళ్ళు వేసుకున్న బట్టల రంగుతో సహా గుర్తుండిపోతుంది. వేడినీళ్ళు రావడం లేదని, వచ్చాక మరీ వేడిగా వస్తున్నాయని, మెస్సులో ఇచ్చే పసుపునీళ్ళకి పప్పు అని పేరు పెట్టడం అన్యాయమని నేను తరచూ పై వాళ్ళకి విన్నవించుకునేదాన్ని. అందుకని మా హాస్టల్లో నాకు 'కంప్లైంట్ సిస్టర్' అని పేరు పెట్టారు. వాళ్ళు వెక్కిరింపుగా పెట్టారు కానీ, నిజం చెప్పాలంటే, ఆసుపత్రిలో ఊరికే ఇచ్చిన బిరుదు అదొక్కటే కాబట్టి నేను కాదనలేదు.

మా హాస్టల్లో ఫిలిప్పీన్స్ పిల్లలు, కేరళ వాళ్ళు, మన కోస్తా అమ్మాయిలు కలిసి ఉండేవాళ్ళం. అక్టోబరు ఆఖరున హాలోవీన్ అని ఫిలిప్పీన్స్ పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకుని ముచ్చటపడేవారు. మా ముదీరా, అంటే హాస్టలు పెద్ద, అభా చుట్టూ ఉన్న అసీరు కొండల్లోనే పుట్టి పెరిగిన సౌదీ ఆవిడ, దానికి మూడు షరతుల మీద ఒప్పుకునేది: నోటీసు బోర్డు మీద 'వేషాల విందు' అని మాత్రమే రాయాలి, పాట గోడ దాటకూడదు, ఎవరూ ఫోటోలు తీయకూడదు. ఆ విందుకి పెత్తనం అంతా ప్రెసిడెంటక్కది. ఈవిడ మనావిడే, గుంటూరు వైపు మనిషి, ఆపరేషన్ థియేటర్లో సీనియర్ నర్సు. ఎవరూ ఎన్నుకోకుండానే హాస్టలు వినోదాల కమిటీకి ప్రెసిడెంటు అయింది. నవ్విందంటే పై అంతస్తులో నైట్ డ్యూటీ చేసి పడుకున్న వాళ్ళు లేచి కూర్చునేవారు. నేను వచ్చిన మొదటి ఏడు విందుకి డ్యూటీ నుంచి నేరుగా యూనిఫారంలోనే వెళ్ళాను. అందరి వేషాలకీ మార్కులు వేస్తున్న ప్రెసిడెంటక్క నన్ను కింద నుంచి పై దాకా చూసి, "నర్సు వేషమా? అంత బాగా కుదరలేదమ్మా" అంది. (ఊదారంగు చీర. మెట్ల పక్కన.)

అది నేను క్షమించేసేదాన్నే. మర్నాడు జరిగింది మాత్రం వేరు. తెల్లారి చూస్తే పెరడంతా ప్లాస్టిక్. ప్లాస్టిక్ సాలెపురుగులు, ప్లాస్టిక్ ఎముకలు, ప్లాస్టిక్ కోరలు, ఒకసారి తాగి పడేసిన కప్పులు, చెట్లకి, మెట్లకి చుట్టిన దొంగ సాలెగూడు. ఆ గూడులో మా హాస్టలు పిల్లి ఒకటి తల ఇరికించుకుని, ఎటు లాగితే అటు బిగుసుకుని, గొంతు రాకుండా కొట్టుకుంటోంది. నా బ్యాండేజీ కత్తెర తెచ్చి కత్తిరించాను. అది నన్ను గీరి పారిపోయింది. (పిల్లిని కూడా నేను మర్చిపోలేదు.) ఆ గీతలతోనే మెస్సుకి వెళ్ళి, అందరూ టిఫిన్ చేస్తుండగా, ఒక్క సాయంత్రం నవ్వుకోవడానికి ఇంత చెత్త పోగెయ్యడం ఏం పద్ధతని అడిగాను. ప్రెసిడెంటక్క ఇడ్లీ తుంచుతూ, తల కూడా ఎత్తకుండా అంది:

"ఏందమ్మా నీ గోల? నువ్వు పార్టీకి రాకపోయినా ఏం కాదులే. అయ్యాక ఊడవడానికి మాత్రం రా."

మెస్సంతా నవ్వింది. నాతో పాటు అదే విమానంలో వచ్చిన అమ్మాయి కూడా నవ్వింది. నేను చీపురు తీసుకుని పెరడంతా ఊడ్చాను. ఎవరూ చెప్పకుండానే ఊడ్చాను, అది నా పంతం. ఊడ్చినంత సేపూ ఆ వాక్యాన్ని మనసులో చదువుకుంటూనే ఉన్నాను. ఏడాది తిరిగేలోపు దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో దేవుడికే తెలుసు. ఇంజక్షన్ ఇస్తున్నప్పుడు చదువుకునేదాన్ని కాదు, అంత వరకు నా మనస్సాక్షి శుభ్రం.

మళ్ళీ అక్టోబరు వచ్చి కమిటీ కూర్చోగానే నేను లేచి నిలబడ్డాను. ఈసారి విందు నాకు అప్పగించండి, ఒక్క సంచి చెత్త కూడా రాకుండా దెయ్యాల పండగ చేసి చూపిస్తాను అన్నాను. ప్రెసిడెంటక్క కళ్ళజోడు సర్దుకుని, వస్తే అని అడిగింది. వస్తే ఇక మీదట ఈ హాస్టల్లో ప్రతి పార్టీకీ నేనే ఊడుస్తాను, ఉన్నన్నాళ్ళూ ఒక్క కంప్లైంట్ చెయ్యను అన్నాను. ఎవరో నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూశారు. రాకపోతే ఏం కావాలని అక్క అడిగింది. అందరి ముందూ పోయినేడు అన్న మాట తిరగేసి, 'పార్టీకి ముందు నువ్వే రావాలి' అని చెప్పాలన్నాను. ఆవిడకి ఆ మాట గుర్తే లేదు. ఎప్పుడన్నానే అంది. ఇడ్లీ తుంచుతూ అన్నావని చెప్పాను. సరేనంది. అలా నా నోరు, నాకున్న ఒకే ఒక్క ఆస్తి, పందెంలో పెట్టేశాను.

నా పక్క మంచం మీద ఉండే ఫిలిప్పీన్స్ పిల్ల నాకు కుడిభుజం. (పేరెందుకులెండి, మేమందరం పక్కమంచం అనే పిలిచేవాళ్ళం.) మొదటి నియమం, కొని పారేసేది ఏదీ ఉండకూడదు. వేషాలు ఉన్న బట్టల్లోంచే రావాలి. ఆసుపత్రి దుప్పటి ముట్టుకుంటే ఒప్పుకునేది లేదు. రెండో నియమం, ఎవరి కంచం, గ్లాసు వాళ్ళు తెచ్చుకోవాలి. దీనికి చాలా నవ్వారు, ఇదేమన్నా అన్నదానమా అన్నారు. మా చర్చిలో ప్రేమ విందుకి ఎవరి కంచం వాళ్ళు పట్టుకెళ్ళి, వరసగా కూర్చుని తిని, బోరింగు దగ్గర కడుక్కుని వస్తాం. అందులో నామోషీ ఎప్పుడూ కనపడలేదు. మా అమ్మ నాకు సౌదీ వచ్చేటప్పుడు పేరు కొట్టించి మరీ స్టీలు కంచం ఇచ్చింది. తెలుగు అమ్మాయిల పెట్టెలు విప్పిస్తే అందరి దగ్గరా పేరు కొట్టించిన కంచాలు బయటపడ్డాయి. నవ్విన వాళ్ళ దగ్గర కూడా. నెత్తురు కోసం సీసాలు కొనకుండా పసుపులో వంటసోడా కలిపి పారాణిలా ఎర్రగా చేశాం. దీపాలకి కొబ్బరి చిప్పలు, నూనె, వత్తి. మంత్రగత్తె జుట్టుకి మొక్కజొన్న పీచు. పొగ కోసం యంత్రం అద్దెకి తేవాలా అని పక్కమంచం అడిగితే, కిటికీ తీసి మబ్బు చూపించాను. ఇన్ని ఏర్పాట్లూ సంతోషంగా అమ్మకి ఫోన్లో చెబితే ఆవిడ గుండె పట్టుకుంది. "దెయ్యాల పండగేంటే? పాస్టరు గారికి తెలిస్తే నేను తల ఎక్కడ పెట్టుకోను?" అంది. దెయ్యాలు ముఖ్యం కాదమ్మా, చెత్త లేకపోవడం ముఖ్యం అని చాలాసేపు చెప్పాను. చివరికి, ఎవరన్నా అడిగితే ప్రేమ విందని చెప్పు, అదైనా అబద్ధం కాదు కదా అని రాజీకొచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యం గుమ్మడికాయ. అది లేకపోతే ఫిలిప్పీన్స్ పిల్లలు పండగే కాదన్నారు. కూరగాయల మార్కెట్టుకి వెళ్ళి, నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో కొట్టు పెద్దాయన్ని అడిగాను. గుమ్మడికాయని అక్కడ 'గరా' అంటారు. 'ఇందక్ గరా', అంటే మీ దగ్గర గుమ్మడికాయ ఉందా, అని అడగాలని దారంతా వల్లించుకుంటూ వెళ్ళాను. తీరా ఆయన ఎదురుగా నిలబడేసరికి అది నా నోట్లో 'ఇంత అగ్రా' అయి కూర్చుంది. పెద్దాయన ఒక క్షణం నన్ను చూసి, నెమ్మదిగా టోపీ తీసి, నున్నటి గుండు నా వైపు వంచి చూపించాడు. నువ్వు బట్టతల వాడివా అని అడిగానని నాకు తర్వాత తెలిసింది. (నేను అగ్రా అంటే తాజ్‌మహల్ ఉన్న ఊరనే అనుకుంటున్నాను.) పక్క కొట్ల వాళ్ళు కూడా వచ్చి నవ్వారు. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, కొట్టులో అన్నిటికన్నా పెద్ద గుమ్మడికాయ ఎంచి టాక్సీ దాకా మోయించాడు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఇలా నేను చెప్పగలిగే మనుషులు తక్కువ.

గుమ్మడికాయకి కళ్ళు, నోరు కోసి లోపల దీపం పెట్టడం పద్ధతని పక్కమంచం కత్తి తీసింది. నేను ఆ కత్తి లాక్కున్నాను. కోసిన కాయ ఒక్క రోజులో కుళ్ళి చెత్తలోకి పోతుంది. పైన బొమ్మ గీస్తే విందయ్యాక కడిగి పులుసు పెట్టుకోవచ్చు. బొమ్మ గీయమంటే నా చేతికి ఏం వస్తుంది? మన వైపు కడుతున్న ఇళ్ళ ముందు వేలాడదీసే గుమ్మడికాయ మొహమే వచ్చింది. పసుపు రాసి, బూడిదతో గుడ్లురిమే కళ్ళు, చెవుల దాకా మీసాలు, ఎర్రటి నాలుక, రెండు కోరలు. మేం క్రైస్తవులమే, మా ఇంటి ముందు ఎప్పుడూ కట్టలేదు, కానీ బడికి వెళ్ళే దారిలో ప్రతి కొత్త ఇంటి ముందూ చూసిన మొహం అది. పక్కమంచం రెండడుగులు వెనక్కి వేసి, ఇంత భయంకరమైన హాలోవీన్ మొహం తన జన్మలో చూడలేదంది. నా జీవితంలో గీసిన మొదటి బొమ్మ, చివరి బొమ్మ కూడా అదే. అంత బాగా వచ్చింది.

విందు రోజు మధ్యాహ్నం దాన్ని నీడపట్టున ఉంటుందని పెరట్లో నీళ్ళ మోటారు గది గుమ్మం దగ్గర పెట్టి, నెత్తిన కొబ్బరి చిప్ప నిలబడుతుందో లేదో చూద్దామని దీపం కూడా వెలిగించి, కొంచెం దూరం నుంచి అందం చూసుకుని, కంచాలు లెక్క చూడ్డానికి లోపలికి వెళ్ళాను. సరిగ్గా ఆ పూటే ఆ గదిలో పాత మోటారు తీసి కొత్తది బిగించారు. బిగించింది మోటారన్న. జగిత్యాల వైపు మనిషి, మా హాస్టలు పంపులు, గీజర్లు, లిఫ్టు అన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. (నా వేడినీళ్ళ కంప్లైంట్లన్నీ చివరికి చేరేది కూడా ఆయనకే.) నేను లోపలికి వెళ్ళిన కాసేపటికి పెరట్లోంచి ఢభీమని చప్పుడు. తర్వాత ప్రెసిడెంటక్క కేక. పరిగెత్తుకెళ్ళి చూస్తే మోటారు గది ముందు కడిగిన సిమెంటు మీద నా గుమ్మడికాయ ముక్కలు ముక్కలై ఉంది. ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు. మీసం మెట్ల దాకా వెళ్ళింది. ఆ ముక్కల మధ్య మోటారన్న చేతులు దులుపుకుంటూ, పెద్ద పని పూర్తి చేసినవాడిలా తృప్తిగా నిలబడి ఉన్నాడు.

"ఏం చేశారన్నా?" అన్నాను.

"దిష్టి దీసిన సిస్టరమ్మా. కొత్త మోటరు కదా, మూడు చుట్లు దిప్పి కొట్టిన. ఇగ దానికి తిరుగు లేదు."

"ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?"

"మీరే వెట్టిండ్రు గదా. దిష్టి గుమ్మడికాయ, మీద దీపం ముట్టిచ్చి, మోటరు రూం ముంగటనే వెట్టిరి. ఈ దేశంల ఎన్ని మోటర్లు బిగిచ్చిన్నో, ఒక్కరన్న గిట్ల ఆలోచన జేసిండ్రా అని నా పానం సల్లవడ్డది."

నేను వేసింది హాలోవీన్ దెయ్యం. ఆయనకి కనపడింది దిష్టి గుమ్మడికాయ. ఇంకే దేశం మనిషి అయినా దాన్ని చూసి భయపడి పక్కకి తప్పుకునేవాడు. తెలుగువాడు కాబట్టి ఎత్తి కొట్టాడు. ఇది దిష్టిది కాదన్నా, సాయంత్రం విందుకి పెట్టిందని చెప్పేసరికి ఆయన మొహం ఆ ముక్కల కన్నా అధ్వానంగా అయిపోయింది. ఈలోపు ప్రెసిడెంటక్క లోపలికి వెళ్ళి ఒక పెద్ద నల్ల చెత్త సంచి తెచ్చి, దాన్ని టపటపా దులిపి నోరు తెరిచి నా ముందు పట్టుకుంది.

"నిండుద్దిలే అమ్మాయ్," అంది, చాలా ప్రేమగా. "ఏసెయ్. చీపురు నేనే తెప్పిస్తాలే నీకు."

అప్పుడు నాలో ఏదో లేచింది. భయమో, రోషమో. ఇక జన్మలో కంప్లైంట్ చెయ్యకుండా బతకాలి. పప్పు గురించి, లిఫ్టు గురించి, ఇంకా జరగని అన్యాయాల గురించి నోరు మూసుకుని ఉండాలి. అక్కడే నేల మీద కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టాను. సంచి పక్కన పెట్టక్కా, విందు అయ్యాక చూద్దాం అన్నాను. నేల తగలకుండా తొక్క మీద వెల్లకిలా పడ్డ ముక్కలు ఒక గిన్నెలో. కింద పడి నలిగినవి, పీచు, రంగు లేని తొక్కలు ఇంకో బకెట్లో. గింజలు వేరే. బకెట్టు మా హాస్టలు కాపలా తాతకి ఇచ్చాం. ఊరి బయట ఆయనకి మేకలున్నాయి. (కొండ మీద కోతులకి వేద్దామని పక్కమంచం అంది కానీ వాటికి తిండి పెట్టకూడదని రోడ్డు పక్కన బోర్డులున్నాయి. ఇంకొకరి మీద కంప్లైంట్ చేసే నేను బోర్డు ఎలా మీరతాను?) రంగు అంటిన తొక్క పూలమొక్కల మొదట్లో పాతేశాం. అందులో ఉన్నది పసుపు, సోడా, బూడిద, మన్ను తినలేనిది ఏమీ లేదు. నేల మీద పడింది నర్సుల చేత తినిపిస్తావా అని ప్రెసిడెంటక్క అడ్డుపడితే, నేను మంచి ముక్కల్ని ఆవిడ కళ్ళముందే కడిగి, మళ్ళీ కడిగి, చెక్కు తీసి, ఇంకోసారి కడిగాను. థియేటర్ నర్సు కూడా వంక పెట్టలేకపోయింది.

పులుసుకి గుమ్మడికాయ దొరికింది కానీ విందుకి మొహం లేకుండా పోయింది. మోటారన్న వెళ్ళకుండా అక్కడే తచ్చాడుతున్నాడు. ఆడవాళ్ళ హాస్టల్లో పని అయ్యాక మగవాళ్ళు ఉండకూడదని కాపలా తాత పిలుస్తున్నా కదలడం లేదు. చివరికి ఆయన, ఊడదీసిన పాత మోటారు వైపు చూశాడు. నేనూ చూశాను. తుప్పు పట్టిన డొప్ప, ముందు వైపు గాలి కోసం కోసిన సందులు పళ్ళు ఇకిలించినట్టు, పైన బోల్టులు ఊడిన రెండు కన్నాలు. ఆయన లోపలి తీగ చుట్టలు పీకేసి ఖాళీ డొప్పని గుమ్మం ముందు నిలబెట్టాడు. నేను కొబ్బరి చిప్ప దీపం లోపల పెట్టాను. సందుల్లోంచి వెలుగు వచ్చింది. పక్కమంచం మళ్ళీ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ ఆలోచన తనదని మోటారన్న అంటాడు. ముందు చూసింది ఆయనే కావచ్చు, అర్థం చేసుకున్నది నేను. ఈ విషయం మా ఇద్దరి మధ్య ఇప్పటికీ తేలలేదు. రేపు పొద్దున పాత సామాన్ల బండికి ఇయ్యాలె, పోనియ్యకుండ్రి అని మరీ మరీ చెప్పి వెళ్ళిపోయాడు.

పొద్దు గూకి మగ్రిబ్ నమాజు అయ్యాక విందు మొదలైంది. మబ్బు నేను పిలిచినట్టే వచ్చింది. కొబ్బరి చిప్పల దీపాలు మెట్ల మీద, మధ్యలో పాత మోటారు ఎర్రగా ఇకిలిస్తూ. బియ్యం గోనెలు కప్పుకున్న పిశాచాలు, మొక్కజొన్న పీచు మంత్రగత్తెలు, బురఖా లాంటి నల్ల అబాయా తిరగేసి కట్టుకున్న గబ్బిలం, అందరి చేతుల్లో స్టీలు కంచాలు. నేను ఈసారి కూడా నర్సు యూనిఫారంలోనే వెళ్ళాను, కాకపోతే నుదుటి నుంచి గడ్డం దాకా పారాణి నెత్తురు కార్చుకుని. ప్రెసిడెంటక్క వేషం రాణీగారి దెయ్యం. ఎర్ర రంగు మరీ ఎక్కువ పూసుకోవద్దక్కా, పసుపు అంత తొందరగా వదలదు అని చెప్పాను. (నిజంగా చెప్పాను, సాక్షులున్నారు.) నువ్వా నాకు చెప్పేది అని రెండు బుగ్గలకీ దట్టంగా పట్టించింది. ముదీరా వచ్చి కుర్చీలో కూర్చుని, పులుసు రుచి చూసి, ఇంకొంచెం వేయించుకుంది. దేనితో చేశారని అడిగింది. గరా అన్నాను, ఈసారి సరిగ్గానే. మధ్యాహ్నం బయట పెద్ద గుమ్మడికాయ ఒకటి చూశాను, అదెక్కడ అంది. మీ కంచంలో అన్నాను. పక్కమంచం జరిగిందంతా వచ్చీరాని అరబ్బీలో అభినయించి చూపించింది, మోటారన్న చుట్లు తిప్పడంతో సహా. ముదీరా నవ్వి నవ్వి తలముసుగు అంచుతో కళ్ళు ఒత్తుకుని, మోటారు ఎలా పనిచేస్తోందని అడిగింది. బ్రహ్మాండంగా పనిచేస్తోందని చెప్పాం. (అది అబద్ధం కాదు. ఆ మోటారు ఇప్పటికీ చెడిపోలేదు. మా అమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. దెయ్యాలే ఎక్కువ ఆవిడకి, పైన దిష్టి కూడా అంటే తట్టుకోలేదు.)

తినడం అయ్యింది. కంచాలు కడుక్కోవడం అయ్యింది. కోడి ఎముకలు పిల్లికి, నిమ్మ తొక్కలు మేకల బకెట్టుకి, కాలిన వత్తులు పూలమొక్కల్లోకి, నూనె మళ్ళీ సీసాలోకి. ప్రెసిడెంటక్క నల్ల సంచి పట్టుకుని పెరడంతా తిరిగింది. వెనకాల నేను, నా వెనకాల హాస్టలు మొత్తం. బెంచీ కింద వంగింది. మెట్ల వెనకాల వెతికింది. ఒకచోట విజయగర్వంతో అగ్గిపుల్ల ఎత్తి చూపించింది. కర్ర అక్కా, మన్నులో కలుస్తుంది అన్నాను. గులాబీ మొదట్లో గుచ్చింది. గోడ దాకా వెళ్ళి తిరిగి వచ్చి, దీపం వెలుగులో సంచి తలకిందులుగా పట్టుకుని దులిపింది. ఏమీ రాలలేదు. అప్పుడు పక్కమంచం, అమాయకంగానో కాదో నాకు ఇప్పటికీ తెలియదు, చెయ్యి చాపి చూపించి ఇంగ్లీషులో అడిగింది: ఈ పార్టీలో చెత్త అంటూ మిగిలింది ఆ ఒక్క సంచే కదా, దాన్నెక్కడ వేద్దాం?

అంత నవ్వు ఆ పెరట్లో నేను మళ్ళీ వినలేదు. ప్రెసిడెంటక్క కూడా నవ్వింది, అందరికన్నా ముందు ఆపేసింది. ముదీరా ఏమిటని అడిగితే ఎవరో చెప్పారు. ఆవిడ కుర్చీలో సర్దుకు కూర్చుని, మాట అంటే మాటే అన్నట్టు అక్క వైపు చూసింది. అక్క గొంతు సవరించుకుంది.

"పార్టీకి ముందు... నువ్వే రావాలమ్మాయ్."

వెనక వరసకి వినపడలేదక్కా అన్నాను. నా మీద మీకు ఏ అభిప్రాయం కలిగినా సరే, ఆ మాట నేను అన్నాను, అన్నందుకు సంతోషంగానే ఉన్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, ఆ ప్రసిద్ధమైన గొంతుతో, పై అంతస్తులో నైట్ డ్యూటీ వాళ్ళు లేచేలా మళ్ళీ చెప్పింది. చెప్పి, చేతిలోని సంచి మడతపెట్టి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ పసుపు ఆవిడ బుగ్గల మీద చాలా రోజులు నిలిచింది. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు కామెర్ల పరీక్ష చేయించుకోమన్నాడట. ఆ సంగతి ఆవిడే వచ్చి నాకు చెప్పింది. మాస్కులో దాక్కుంటుందిలే అక్కా అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఎప్పుడు మొదలైందో తెలియదు కానీ, ఆ తర్వాత పప్పు మీద కంప్లైంట్ చెయ్యాల్సి వస్తే ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం.

ఇప్పుడు నేనే సీనియర్ని. మా హాస్టల్లో వేషాల విందుకి కంచం తెచ్చుకోవడం ఆనవాయితీ. కొత్తగా వచ్చిన పిల్లలకి అది ఎందుకో, ఎవరు మొదలుపెట్టారో తెలియదు. (చెబుతూనే ఉన్నాను, వినరు.) పోయినేడు ఒక పిల్ల నా మీదే ముదీరాకి కంప్లైంట్ చేసింది, పెద్ద సిస్టరు కాగితం కప్పు కూడా వాడనివ్వడం లేదు, అగ్గిపుల్లలు కూడా ఏరిస్తోంది అని. ముదీరా నవ్వుతూ చెబితే నాకు కోపం రాలేదు. ఆ పిల్లని పిలిచి, అగ్గిపుల్లల సంగతి ముందు చెప్పాల్సింది, అదే నీ బలమైన పాయింటు అని సలహా ఇచ్చాను. ఆ పిల్ల నన్ను చూసిన చూపు నేను మర్చిపోను. ఇకామా ఫోటోలో ఉన్న అమ్మాయి కూడా ఏ పెద్దవాళ్ళనైనా అలాగే చూసేది.

నల్ల సంచి ఇంకా నా పెట్టెలో ఉంది, పేరు కొట్టించిన కంచం కింద. పారేద్దామని చాలాసార్లు అనుకున్నాను. పారేసిన రోజున ఆ విందులో ఒక సంచి చెత్త వచ్చినట్టు లెక్క, నేను ఓడిపోయినట్టు లెక్క. అందుకని దాచుకున్నాను. ప్రెసిడెంటక్క కొండ దిగి జిజాన్ ఆసుపత్రికి బదిలీ అయి వెళ్ళిపోయింది. అక్కడ ఉప్పుగాలి, ఉక్క, మబ్బులు లేవని ఆవిడ కంప్లైంట్. ప్రతి అక్టోబరు ఆఖరున ఫోన్ చేస్తుంది. ఈ మధ్య గొంతు కొంచెం తగ్గింది, నవ్వు మాత్రం తగ్గలేదు.

"ఏందమ్మా కంప్లైంటూ, పార్టీకి పిలవకపోయినా ఏం కాదులే. అయ్యాక ఊడవడానికి రానా?"

ఎన్నేళ్ళు దాచుకున్న మాటో, తిరిగి నా దగ్గరికే అడుక్కుంటూ వస్తుంది. దానికి దీటుగా ఏదో ఒకటి అనాలని ఏడాదంతా తయారుచేసుకుంటాను. తీరా ఫోన్ మోగాక ఒక్కటీ గుర్తు రాదు, నాకు, ఇంత జ్ఞాపకశక్తి ఉన్నదానికి.

"ఊడవడానికి ఇక్కడేం లేదక్కా," అంటాను. "ఊరికే రా. నీ సంచి నా దగ్గరే ఉంది."